బెంగళూరుకి ఐదు కార్పొరేషన్లు: ఏ పనికి ఏ చట్టం, ఏ ఆఫీసు?

#1 · సర్జాపుర_సందు · డిసెంబరు 2025

సెప్టెంబరు 2న బీబీఎంపీ (ఊరంతటికీ ఉన్న పాత నగరపాలిక) పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చినప్పటి నుంచి మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు తిరుగుతున్నాయి. పాత ఖాతాలు (ఇంటి ఆస్తిపన్ను పద్దులు) చెల్లవంట, మళ్లీ తీయించుకోవాలంట అనేది ఒకటి. రేపు మేయర్లు వస్తే మోరీ దగ్గర్నుంచి మెట్రో ఛార్జీ దాకా వాళ్లకే చెప్పుకోవచ్చంట అనేది ఇంకొకటి. రెండూ తప్పే. ఇక్కడ ఇల్లు ఒక రాష్ట్ర చట్టం కింద, నీళ్లు ఇంకోదాని కింద, బస్సు మరోదాని కింద నడుస్తాయి. ఏది దేని కిందో తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

తెలిసినవాళ్లు రాయండి. గోడు వద్దు. సెక్షను, లెక్క, కాగితం, ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు ఆగిపోతుంది, అవి కావాలి.

#2 · గెజిట్_పురుగు

చట్టం పేరు గ్రేటర్ బెంగళూరు పరిపాలన చట్టం, 2024. పేరులో 2024 ఉన్నా శాసనసభ ఆమోదించింది 2025 మార్చిలో. గవర్నరు ఒకసారి వెనక్కి పంపి తర్వాత సంతకం పెట్టారు. అమల్లోకి వచ్చింది 2025 మే 15న. ఏడు కార్పొరేషన్ల దాకా పెట్టుకోవచ్చని చట్టంలో ఉంది, ప్రభుత్వం ఐదుతో ఆపింది: సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్. ముసాయిదాలో 368గా ఉన్న వార్డులు తుది నోటిఫికేషన్‌లో 369 అయ్యాయి. వెస్ట్‌కి 112, నార్త్‌కి 72, సౌత్‌కి 72, సెంట్రల్‌కి 63, ఈస్ట్‌కి 50. మహదేవపుర, కేఆర్ పురం నియోజకవర్గాలు ఈస్ట్‌లో ఉన్నాయి కాబట్టి ఈ గ్రూపులో సగం మందికి కార్పొరేషన్ అంటే ఈస్టే.

ఐదింటి నెత్తిన గ్రేటర్ బెంగళూరు అథారిటీ, అంటే జీబీఏ ఉంటుంది. దాని అధ్యక్షుడు ముఖ్యమంత్రి, ఉపాధ్యక్షుడు బెంగళూరు అభివృద్ధి మంత్రి. మేయరు పదవీకాలం 30 నెలలు. పట్టణ ప్రణాళిక అధికారాన్ని ఈ చట్టం బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ) దగ్గర్నుంచి తీసి జీబీఏకి ఇచ్చింది. బీడీఏకి భూసేకరణ, లేఅవుట్లు వేయడం మిగిలాయి.

చాలామంది మర్చిపోయే సంగతి: పాత కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరు 10న అయిపోయింది. అప్పటినుంచి ఈ ఊరికి ఎన్నికైన కార్పొరేటర్ ఒక్కడు లేడు. గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం 243యు అధికరణం చెబుతోంది. అయినా జరగలేదు. 198 వార్డులని 2020 నాటి బీబీఎంపీ చట్టం 243 చేసింది, తర్వాత అవి 225 అయ్యాయి, ఇప్పుడు 369. లెక్క మారినప్పుడల్లా పునర్విభజన, దాని వెనకే రిజర్వేషన్ల జాబితా, దాని మీద కోర్టు కేసు. గీత గీసే కలం రాష్ట్రం చేతిలో ఉన్నంతకాలం ఎన్నిక తేదీ కూడా రాష్ట్రం చేతిలోనే ఉంటుంది.

#3 · అనంతపురం_బెంగళూరు

రాజ్యాంగం 74వ సవరణ వచ్చి ముప్పై ఏండ్లు దాటింది కదప్పా. 18 పనులు నగరానికే ఇయ్యాలని రాసినారు కదా. మల్లా నీళ్ల బోర్డు, బీడీఏ ఎందుకు బయట ఉండాయి?

#4 · గెజిట్_పురుగు

ఒక్క మాట వల్ల, అన్నా. 243డబ్ల్యు అధికరణం "రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఇవ్వవచ్చు" అంటుంది. "ఇవ్వాలి" అనదు. పన్నెండో షెడ్యూలులో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక, అయిదోది నీటి సరఫరా. కానీ నీళ్ల బోర్డుకి 1964 నాటి బీడబ్ల్యూఎస్ఎస్‌బీ చట్టం, లేఅవుట్లకి 1976 నాటి బీడీఏ చట్టం అప్పటికే ఉన్నాయి. వాటిని ఎవరూ రద్దు చేయలేదు, కొత్త చట్టం కూడా రద్దు చేయలేదు.

మహానగర ప్రణాళికా కమిటీ సంగతీ చూడండి. 243జెడ్ఈ ప్రకారం అందులో మూడింట రెండు వంతుల సభ్యులు స్థానిక సంస్థల్లో ఎన్నికైనవాళ్లు, వాళ్లలోంచి వాళ్లే ఎన్నుకున్నవాళ్లు అయి ఉండాలి. జీబీఏలో కుర్చీ ముఖ్యమంత్రిది. ఆ రెండూ ఎలా పొసుగుతాయన్నదే ఈ చట్టం మీద ఉన్న అసలు అభ్యంతరం. మేయర్లు ఐదుగురా ఒక్కరా అన్నది దాని తర్వాతి సంగతి.

#5 · పద్దుల_పుల్లయ్య

అధికారం ఎవరిదో తెలియాలంటే రూపాయి ఎటు పోతోందో చూడాలి. 80 లక్షల ఫ్లాట్ రిజిస్ట్రేషన్ తీసుకుందాం. (45 లక్షలు దాటితే స్టాంపు డ్యూటీ 5 శాతం. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 1 నుంచి 2 శాతం అయింది.)

స్టాంపు డ్యూటీ 5 శాతం: రూ. 4,00,000
దానిమీద సెస్సు 10 శాతం: రూ. 40,000
దానిమీద సర్‌ఛార్జి 2 శాతం: రూ. 8,000
రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం: రూ. 1,60,000
మొత్తం: రూ. 6,08,000

ఇందులో స్థానిక సంస్థ పేరిట వసూలయ్యేది ఆ 8,000 సర్‌ఛార్జి. అదే ఫ్లాట్ ముందు రోడ్డు, మోరీ, వీధిదీపం మాత్రం కార్పొరేషన్ ఖర్చు.

జీతంలో కోసే వృత్తిపన్ను చూడండి. నెలకి 200, ఫిబ్రవరిలో 300, ఏడాదికి 2,500. కర్ణాటకలో ఇది రాష్ట్రానికి పోతుంది. చెన్నైలో అదే వృత్తిపన్నుని నగర కార్పొరేషన్ ఆరునెలలకోసారి వసూలు చేసుకుంటుంది. లక్షల మంది ఐటీ ఉద్యోగులున్న ఊళ్లో ఇది చిన్న తేడా కాదు. వాహనాల జీవితకాలపు పన్నూ రాష్ట్రానిదే. బండి నలిపే రోడ్డు మాత్రం నగరానిది. ఆక్ట్రాయ్ (ఊళ్లోకి వచ్చే సరుకు మీది పన్ను) 1979లోనే పోయింది, వినోదపు పన్ను జీఎస్టీలో కలిసింది. చివరికి నగరం చేతిలో చెప్పుకోదగ్గదంటూ మిగిలింది ఆస్తిపన్ను ఒక్కటే.

ఐదు ముక్కలు చేశాక వచ్చే చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఐటీ పార్కుల పన్ను ఈస్ట్‌కి పోతుంది. వెస్ట్‌కి వార్డులు ఎక్కువ, అంత పెద్ద వాణిజ్య భవనాలు లేవు. ఆ తేడా పూడ్చే డబ్బు పైనుంచి రావాలి. పైనంటే మళ్లీ రాష్ట్రమే.

#6 · సర్జాపుర_సందు

పుల్లయ్య గారూ, ఆస్తిపన్ను లెక్క కూడా ఒకసారి కట్టి చూపించండి. పోర్టల్ ఏ సంఖ్య చూపిస్తే అది కట్టేస్తున్నారు అందరూ.

#7 · పద్దుల_పుల్లయ్య

2008 నుంచి నడుస్తున్నది యూనిట్ ఏరియా విలువ పద్ధతి. ఊరిని ఎ నుంచి ఎఫ్ దాకా జోన్లు చేశారు. జోనుని బట్టి చదరపు అడుగుకి నెలకింత అని దర. సొంతంగా ఉంటే ఒక దర, అద్దెకిస్తే దానికి రెట్టింపు.

విస్తీర్ణం × దర × 10 నెలలు. ఏడాదికి పన్నెండు కాదు, పదే. అందులోంచి భవనం వయసుని బట్టి తరుగు తీసేస్తారు. మిగిలినదానిలో 20 శాతం పన్ను, ఆ పన్ను మీద 24 శాతం సెస్సు.

1,200 చదరపు అడుగులు, దర రూ. 2, తరుగు 10 శాతం అనుకోండి (దర, తరుగు నేను అనుకున్నవి, మీవి పోర్టల్లో చూసుకోండి). 24,000 వస్తుంది. తరుగు పోతే 21,600. పన్ను 4,320. సెస్సు రూ. 1,036.80. కలిపితే సుమారు 5,357. కారు పార్కింగుకి విడిగా లెక్క ఉంది. 2025 ఏప్రిల్ నుంచి చెత్త రుసుము కూడా ఇదే చలానులో వస్తోంది. ఏప్రిల్ నెలాఖరులోపు మొత్తం కడితే 5 శాతం తగ్గింపు.

ఎక్కడ తప్పుతుందంటే, ఇల్లు అద్దెకిచ్చి "సొంత వాడకం" అని పెట్టడం. దర సగమే పడుతుంది కాబట్టి ఆశ. కరెంటు మీటర్లతో, అద్దె ఒప్పందాలతో సరిచూస్తే దొరికిపోతుంది. అప్పుడు తేడా, తేడాకి సమానమైన జరిమానా, వడ్డీ మూడూ కట్టాలి. జరిమానా ఒకప్పుడు తేడాకి రెట్టింపు ఉండేది, 2024 సవరణతో తగ్గింది. ఇదీ రాష్ట్ర శాసనసభే చేసింది. తన పన్ను మీద జరిమానా ఎంతో కూడా నగరం తనంతట తాను తేల్చుకోలేదు.

#8 · మ్యుటేషన్_మూర్తి

ఖాతా గురించి. ముందు పదం దగ్గరే మనవాళ్లు పొరబడతారు. ఆంధ్రలో ఖాతా నంబరు అంటే 1బిలో ఉండే రెవెన్యూ రికార్డు, రైతు హక్కుకి దగ్గరి కాగితం. బెంగళూరు ఖాతా అది కాదు. ఆస్తిపన్ను పుస్తకంలో మీ పేరిట తెరిచిన పద్దు, అంతే. హక్కు ఇచ్చేది రిజిస్టర్డు దస్తావేజు, దాని వెనకున్న లింకు పత్రాలు. కార్పొరేషన్ మారినంత మాత్రాన పద్దు రద్దు కాదు. పాత రికార్డులు కొత్త కార్పొరేషన్‌కి బదిలీ అవుతాయి. మళ్లీ తీయించిపెడతామని డబ్బు అడిగేవాళ్లని నమ్మకండి.

ఎ ఖాతా (మంజూరున్న సైట్లకి), బి ఖాతా (మంజూరు లేనివాటికి) తేడా ఎలా వచ్చిందంటే: వ్యవసాయ భూమిని ఇళ్లస్థలం చేయాలంటే భూ రెవెన్యూ చట్టం 1964, సెక్షన్ 95 కింద డీసీ (జిల్లా కలెక్టరు) కన్వర్షన్ కావాలి (మన దగ్గర నాలా అన్నట్టు). తర్వాత ముక్కలు చేయాలంటే పట్టణ ప్రణాళిక చట్టం సెక్షన్ 17 కింద, లేఅవుట్ వేసి వీధులు పెట్టాలంటే బీడీఏ చట్టం సెక్షన్ 32 కింద మంజూరు కావాలి. ఇవి లేకుండా అమ్మేసిన సైట్ల నుంచి కూడా పన్ను వసూలు చేసుకోవాలి కదా! అందుకని కార్పొరేషన్ల చట్టంలో 108ఎ(3) పెట్టి వాటికి వేరే రిజిస్టరు తెరిచారు. అదే బి. అంటే బి ఖాతా అనేది ప్రభుత్వం చేతిలోని రసీదు పుస్తకం, మీ ఇంటికి ఇచ్చిన అనుమతి కాదు.

2007లో 7 నగర మునిసిపాలిటీలు, ఒక టౌన్ మునిసిపాలిటీ, 110 గ్రామాలు బీబీఎంపీలో కలిశాయి. ఆ గ్రామాల్లో పంచాయతీ కాగితాల మీద అప్పటికే అమ్ముడుపోయిన సైట్లు ఉన్నాయి. మహదేవపుర వైపు బి ఖాతాలు అన్ని ఉండటానికి కారణం అదే.

2024 అక్టోబరు నుంచి ఈ-ఖాతా లేకుండా రిజిస్ట్రేషన్ లేదు. కావాల్సినవి: దస్తావేజు నంబరు, ఆస్తిపన్ను దరఖాస్తు నంబరు, మీ దస్తావేజు తేదీ నుంచి ఈమధ్య వరకు ఈసీ (రిజిస్ట్రేషన్ శాఖ పోర్టల్ కావేరి 2.0లో తీసుకోవచ్చు), యజమానుల ఆధార్, కరెంటు ఖాతా నంబరు, ఆస్తి ఫొటో, మ్యాపులో స్థలం గుర్తు. ముందు ముసాయిదా ఖాతా వెతకాలి, వివరాలు సరిచూడాలి, తర్వాతే తుది ఖాతా. జంటగా కొన్నవాళ్లలో ఒకరి ఆధార్ ధ్రువీకరణే అయితే అక్కడే ఆగుతుంది. ఫ్లాట్లలో తరచూ వచ్చే తప్పు విస్తీర్ణం. దస్తావేజులో సూపర్ బిల్టప్, పన్నులో కార్పెట్, ముసాయిదాలో ఇంకొకటి. ఆస్తిపన్నులో ఉన్నదాన్ని ముందు సరిచేయించుకుని అప్పుడు ఖాతాకి వెళ్తే రెండు వారాలు మిగులుతాయి.

#9 · ఎల్బీనగర్_టు_బెళ్లందూరు

బి నుంచి ఎ మారుస్తున్నరు కదా నవంబరు 1 నుంచి. గైడెన్స్ విలువల (సర్కారు కట్టిన రిజిస్ట్రేషన్ విలువల) 5 శాతం కడితె అయిపోతదంటున్నరు. గంతేనా?

#10 · మ్యుటేషన్_మూర్తి

పథకం 2025 నవంబరు 1 నుంచి 100 రోజులకి ప్రకటించారు. 2,000 చదరపు మీటర్ల దాకా సైట్లకి, గైడెన్స్ విలువలో 5 శాతం. 30×40 సైటు, గైడెన్స్ విలువ అడుగుకి 4,000 అనుకుంటే సైటు విలువ 48 లక్షలు, రుసుము 2.4 లక్షలు.

కట్టేముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇది సైటు లెక్క. సైటు మీద మీరు ప్లాన్‌కి మించి కట్టిన అంతస్తుకి దీనితో ఏ సంబంధం లేదు. భవన ఉల్లంఘనల క్రమబద్ధీకరణ అక్రమ సక్రమ అనే వేరే పథకం: ఇళ్లకి 50 శాతం ఉల్లంఘన దాకా, వాణిజ్య భవనాలకి 25 శాతం దాకా, 2013 అక్టోబరు 19లోపు కట్టినవాటికి. హైకోర్టు 2016 డిసెంబరులో ఒప్పుకుంది, సుప్రీంకోర్టు 2017 జనవరిలో ఆపింది. అందువల్ల ఎ ఖాతా వచ్చినా ఇల్లు సక్రమం అయిపోయిందని బ్యాంకు మూల్యాంకనదారుడు ఒప్పుకోడు. అప్పు ఆగేది అక్కడే.

#11 · ఎల్బీనగర్_టు_బెళ్లందూరు

హైదరాబాదుల 2006 నాటి జీవో 86 నుంచి ఎఫ్ఎస్ఐ (సైటుకి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న) లెక్కనే లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు చూసి ఎత్తు ఇస్తరు. 2020ల టీఎస్ బీపాస్ వచ్చినంక 75 గజాల లోపలైతె అనుమతే అక్కర్లేదు. అదే అలవాటుతోని మనోళ్లు ఈడికొచ్చి సైటు కొని నాలుగు అంతస్తులు లేపుతున్నరు. ఈడ ఎంత రావాల్నో లెక్క చెప్పున్రి.

#12 · గెజిట్_పురుగు

ఇక్కడ ఇంకా 2007లో ఆమోదించిన మాస్టర్ ప్లాన్, ఆర్ఎంపీ 2015యే దిక్కు. 2031 ముసాయిదా 2017లో వచ్చి తర్వాత వెనక్కి పోయింది. పదేళ్ల కిందే గడువు తీరిన ప్లాన్ మీద ఊరు నడుస్తోంది.

దాని జోనల్ నిబంధనల్లో 360 చదరపు మీటర్ల దాకా సైటుకి ఎఫ్ఏఆర్ (మీరన్న ఎఫ్ఎస్ఐ ఇదే) 1.75, నేల మీద కప్పుకోగలిగింది 75 శాతం. 30×40కి లెక్క కట్టండి. 1,200 × 1.75 = 2,100 చదరపు అడుగులు. 75 శాతం కప్పితే ఒక్కో అంతస్తు 900, గ్రౌండ్ ప్లస్ రెండు కలిపితే 2,700. అంటే అందరూ మామూలుగా కట్టే మూడంతస్తుల ఇల్లే 600 అడుగులు ఎక్కువ. సక్రమంగా కట్టాలంటే అంతస్తుకి 700 చొప్పున, లేదా రెండంతస్తులు 900 చొప్పున, పైన ఒక గది. స్టిల్ట్ పార్కింగు ఎఫ్ఏఆర్‌లోకి రాదు. మేస్త్రీకి ఇదంతా తెలుసు, తెలిసే కడతాడు.

ఇప్పుడు కరెంటు దగ్గర ఇరుక్కుంటున్నారు. ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న చెప్పింది. విద్యుత్ నియంత్రణ మండలి దాన్ని డిస్కంలకి పంపింది. ఓసీ ఉల్లంఘన లేని ఇంటికే వస్తుంది కాబట్టి వేల ఇళ్లు తాత్కాలిక కనెక్షన్ మీద ఉండిపోయాయి. రాష్ట్రం 2025 అక్టోబరులో కొత్త చట్టం సెక్షన్ 241(7) వాడి 1,200 చదరపు అడుగుల దాకా సైటులో గ్రౌండ్ ప్లస్ రెండు, లేదా స్టిల్ట్ ప్లస్ మూడు నివాస భవనాలకి ఓసీ మినహాయించింది. మినహాయింపు ఓసీకే, ప్లాన్ మంజూరుకి కాదు. నాలుగో అంతస్తు వేసి పీజీ నడిపే ఇంటికి ఇది వర్తించదు.

ఇంకొకటి, నీళ్లవైపు. కొత్తగా కట్టే ఇల్లు 30×40 లేదా అంతకు పైన అయితే వాన నీటి నిల్వ తప్పనిసరి. ఇది నీళ్ల బోర్డు చట్టం 72ఎ. పాత ఇళ్లకి 40×60 నుంచి. కార్పొరేషన్ ప్లాన్ ఇచ్చిందిగా అని వదిలేస్తే నీళ్ల బిల్లులో జరిమానా వస్తుంది. ప్లాన్ ఒక చట్టం, కనెక్షన్ ఇంకో చట్టం.

#13 · మినిట్స్_పుస్తకం

అపార్ట్‌మెంట్ల వాళ్లకి రెండు సంగతులు. అసోసియేషన్‌ని సొసైటీల చట్టం 1960 కింద రిజిస్టరు చేయించి పని అయిపోయిందనుకుంటారు. పూర్తిగా నివాస భవనమైతే 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం చూడాలి. దానిలో సెక్షన్ 2 ప్రకారం యజమాని ఒక్కడే అయితే అతను, లేకపోతే యజమానులందరూ డీడ్ ఆఫ్ డిక్లరేషన్ రాసి రిజిస్టరు చేస్తేనే ఆ భవనం చట్టం కిందికి వస్తుంది. బిల్డరు ఒక్కడే మొదట్లో రాసేస్తే పార్కింగు, టెర్రస్, క్లబ్‌హౌస్ ఎవరివని రాశాడో పంక్తి పంక్తీ చదవండి. సెక్షన్ 10లో ఉమ్మడి ఖర్చు అవిభాజ్య వాటా శాతం ప్రకారం పంచాలని ఉంది. ఫ్లాటుకింత అని సమానంగా పెట్టిన తీర్మానం కేసులో నిలబడటం కష్టం.

రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) వైపు: ఒప్పందం రిజిస్టరు కాకముందే 10 శాతానికి మించి తీసుకోకూడదు (సెక్షన్ 13). కట్టడపు లోపాలకి స్వాధీనం నుంచి ఐదేళ్లు బిల్డరుదే బాధ్యత, చెప్పిన 30 రోజుల్లో బాగు చేయాలి (14(3)). ఉమ్మడి స్థలాన్ని అసోసియేషన్ పేర రాసివ్వడం సెక్షన్ 17. రాష్ట్రచట్టంలో వేరే గడువు లేకపోతే ఓసీ వచ్చిన మూడు నెలల్లోపు. ఇది అడగకుండా పదేళ్లు కూర్చుంటారు. తర్వాత పక్క ఖాళీ స్థలంలో బిల్డరు ఇంకో టవరు లేపాక అందరూ లేస్తారు.

#14 · అనంతపురం_బెంగళూరు

బాడిగ ఇండ్ల సంగతి ఎవురూ రాయలేదే. పది నెలల అడ్వాన్సు ఏ చట్టంలో ఉందప్పా?

#15 · గెజిట్_పురుగు

ఏ చట్టంలోనూ లేదన్నా, అలవాటు. కర్ణాటక అద్దె చట్టం 1999 ఉంది కానీ బెంగళూరులో నెల అద్దె రూ. 3,500 దాటిన ఇళ్లు దాని పరిధిలోకే రావు. ఆ పరిమితి లోపల ఇప్పుడు ఏ ఇల్లు దొరుకుతుంది? కాబట్టి మీ ఒప్పందం నడిచేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మీద. ఒప్పందంలో ఏమీ రాయకపోతే నెలవారీ అద్దెకి 15 రోజుల నోటీసు చాలు, సెక్షన్ 106. అందుకే నోటీసు కాలం, పెయింటింగుకి ఎంత కోత, అడ్వాన్సు తిరిగిచ్చే తేదీ మూడూ కాగితం మీద ఉండాలి. 11 నెలలు ఎందుకంటారా, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

#16 · 500డి_కిటికీసీటు

రవాణాకి వద్దాం. పన్నెండో షెడ్యూలు 18 అంశాలు వెతకండి, ప్రజా రవాణా లేదు. 17వ అంశంలో వీధిదీపాలు, పార్కింగు, బస్ స్టాపులు ఉన్నాయి. అంటే రాజ్యాంగం లెక్కలో బస్ స్టాపు నగరానిది, అక్కడ ఆగే బస్సు నగరానిది కాదు! షెల్టరు కప్పు విరిగితే కార్పొరేషన్‌కి, బస్సు రాకపోతే బీఎంటీసీకి (నగర బస్సు సంస్థ), స్టాపులో ఆటోలు అడ్డం పెడితే ట్రాఫిక్ పోలీసుకి. మూడు ఫిర్యాదులు, మూడు ఆఫీసులు, నిలబడే చోటు ఒక్కటే.

బీఎంటీసీ 1997లో ఆర్టీసీ నుంచి విడిపోయింది. ఛార్జీ రాష్ట్ర ప్రభుత్వం తేలుస్తుంది. 2025 జనవరి 5న 15 శాతం పెరిగింది. ఏ మేయరు వచ్చినా దీన్ని తగ్గించలేడు. కొత్త ఎలక్ట్రిక్ బస్సుల్లో ఎక్కువ కిలోమీటరుకింత అని ఇచ్చే కాంట్రాక్టు మీద నడుస్తాయి. బస్సు, డ్రైవరు కంపెనీవి, కండక్టరు బీఎంటీసీ మనిషి. డ్రైవరు దురుసు మీద ఫిర్యాదు చేసేటప్పుడు బస్సు నంబరు తప్పక రాయండి, లేకపోతే ఏ కంపెనీకి పంపాలో తెలియక మూలన పడుతుంది.

మన ఆడవాళ్లకి: 2023 జూన్ 11 నుంచి ఉన్న శక్తి పథకం కర్ణాటక నివాసులకే. కర్ణాటక చిరునామా ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు కావాలి. ఆంధ్ర ఆధార్ చూపిస్తే కండక్టరు టిక్కెట్టు కొట్టడం సరైన పనే, గొడవ పెట్టుకోకండి. అద్దె ఒప్పందంతో ఆధార్ చిరునామా మార్చుకుంటే సరిపోతుంది. కానీ మార్చుకుంటే ఊళ్లో స్త్రీశక్తి ఉచిత ప్రయాణం పోతుంది. ఏ బస్సు ఎక్కువ ఎక్కుతారో చూసుకోండి. వజ్ర, వాయు వజ్ర ఏసీ బస్సులకి శక్తి లేదు.

మెట్రో ఛార్జీ అయితే రాష్ట్రం చేతిలోనూ లేదు. మెట్రో రైల్వేల నిర్వహణ చట్టం 2002 కింద కేంద్రం ఛార్జీ నిర్ణయ కమిటీ వేస్తుంది. హైకోర్టు జడ్జి స్థాయి మనిషి అధ్యక్షుడు, కేంద్రం తరఫున ఒకరు, రాష్ట్రం తరఫున ఒకరు. కమిటీ చెప్పింది మెట్రో యాజమాన్యం పాటించి తీరాలి, సెక్షన్ 37. 2025 ఫిబ్రవరి 9న గరిష్ఠ టిక్కెట్టు 60 నుంచి 90 అయినప్పుడు రాష్ట్రం కేంద్రాన్ని, కేంద్రం రాష్ట్రాన్ని వేలెత్తి చూపింది. కంపెనీలో ఇద్దరిదీ సగం సగం వాటా, కమిటీలో ఇద్దరి మనుషులూ ఉన్నారు. 2017 తర్వాత ఎనిమిదేళ్లు ఎవరూ ముట్టకుండా ఒక్కసారే పెంచితే అలాగే ఉంటుంది.

#17 · పద్దుల_పుల్లయ్య

వీటన్నిటినీ ఒక తాటి మీదికి తెస్తామనే కదా 2022లో బెంగళూరు మహానగర భూ రవాణా అథారిటీ చట్టం చేశారు. దాని మాటేంటి?

#18 · 500డి_కిటికీసీటు

కాగితం మీద బాగుంది. సమగ్ర రవాణా ప్రణాళిక, బస్సు, మెట్రో, రోడ్డు, పార్కింగు అన్నీ ఒకచోట. అధ్యక్షుడు ఇక్కడా ముఖ్యమంత్రే. నా అభిప్రాయం అడిగితే, డబ్బు పెట్టె చేతిలో లేని అథారిటీ సలహా సంఘం కిందే లెక్క. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డ్ దాకా సుమారు 17 కిలోమీటర్ల సొరంగ రోడ్డు చూడండి. దాన్ని నడిపేది బీ-స్మైల్ అనే రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ. ముందు ప్రాజెక్టు, తర్వాత ప్రణాళికలో దానికి చోటు.

#19 · గెజిట్_పురుగు

ఇక్కడ కొంచెం విభేదిస్తాను. చట్టం బలహీనమని వదిలేయక్కర్లేదు. ప్రాజెక్టుని కోర్టులో అడిగేవాళ్లకి అదే ఆధారం: చట్టం ప్రకారం ఒక ప్రణాళికా సంస్థ ఉండగా దాన్ని ఎందుకు అడగలేదు అని. చట్టం లేకపోతే ఆ ప్రశ్నే పుట్టదు.

#20 · 500డి_కిటికీసీటు

ఆ మాట ఒప్పుకుంటాను. బండ్ల సంగతి కూడా ఒక ముక్క: ఏపీ, టీజీ నంబరుతో 12 నెలలు దాటితే ఇక్కడి నంబరు వేయించాలి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47. పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, ఇక్కడ ఫారం 27, చిరునామాకి ఫారం 33. ఇక్కడి జీవితకాలపు పన్ను బండి వయసుని బట్టి తగ్గుతుంది. కట్టాక ఊళ్లో కట్టినదానికి వాపసు దరఖాస్తు పెట్టండి. బండి మీద అప్పు ఉంటే బ్యాంకు పత్రం లేకుండా ఫారం 28 కదలదు, ముందు అది తెచ్చుకోండి.

#21 · సర్జాపుర_సందు

ఒక్కటి మిగిలింది. ఈ-ఖాతా దగ్గర మనవాళ్ల పేర్లు కలవడం లేదని ఎక్కువమంది అడుగుతున్నారు. దస్తావేజులో "కె. వెంకట", ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా. మూర్తి గారూ?

#22 · మ్యుటేషన్_మూర్తి

ఇంటిపేరు ముందు రాసుకునే మనకే ఈ బాధ ఎక్కువ. కన్నడ రికార్డులో ఇంటిపేరు వెనక్కి పోతుంది, లేదా ఒక్క అక్షరంగా మిగులుతుంది. కంప్యూటరు దాన్ని వేరే మనిషి అనుకుంటుంది.

పాన్, పాస్‌పోర్టు, బ్యాంకు మూడూ ఆధార్‌తో కలుస్తుంటే ఆధార్‌ని ముట్టుకోవద్దు. పొడి అక్షరాల తేడాకి ఒకే మనిషినని నోటరీ ప్రమాణపత్రం, దస్తావేజు నకలు, పాన్ పట్టుకుని మీ కార్పొరేషన్ ఏఆర్ఓ (సహాయ రెవెన్యూ అధికారి) ఆఫీసుకి వెళ్లండి. దస్తావేజులో పేరే తప్పుగా పడితే ప్రమాణపత్రం చాలదు, సబ్‌రిజిస్ట్రారు దగ్గర సవరణ దస్తావేజు కావాలి. దానికి అమ్మినవాళ్ల సంతకం కూడా ఉండాలి. అమ్మినవాళ్లు దొరికే కాలంలోనే చేయించుకోండి. ఇంకా కొనబోయేవాళ్లు సేల్ డీడ్ చిత్తు ప్రతి వచ్చినప్పుడే ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి, తండ్రి పేరుతో సహా.